కాలవ మలుపులో నీళ్ల బకెట్టు

ఎనభై ఎనిమిదిలో, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం తరువాతి మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలకు జరిగింది ఇది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. రోజుల్ని పండగలతో గుర్తుపెట్టుకునేదాన్ని. గంట ఎలా గుర్తుందంటే, వెనక సీట్లో కూర్చున్న దుగ్గిరాల పసుపు వ్యాపారి అప్పుడే గడియారం చూసుకుని, "మూడయింది, రేపల్లెలో నా బేరం పోయినట్టే" అని గొణిగాడు.

మాది తెనాలి. మా ఆయన అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. మాకు ముందు ఇద్దరు వాడి వదిలేసిన ఆ బండిని బాపట్లలో కొన్నాం. పాతబడ్డ బండికి ఒకటి బాగుచేయిస్తే దాని పక్కది పాడవుతుంది. ఆ ఏడు క్లచ్ ప్లేటు పోయింది, డైనమో పోయింది, రేడియేటరుకు మాట్ల మీద మాట్లు వేయించాం. బాడుగ డబ్బులు ఇల్లు చూడకుండానే రిపేరు షెడ్డుకు పోయేవి. కొత్త సామాను కొనే స్తోమతు లేక, తుక్కు బండ్లలోంచి మేస్త్రి విప్పి ఉంచినవే వేయించేవాళ్లం. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఈ సామాను ఏ బండిలోదని కొనేవాడు అడగడు, మేస్త్రి చెప్పడు. అడగడం మొదలుపెడితే ఇక ఎవరూ ఏదీ కొనరు.

మా హారన్ కూడా అలా వచ్చిందే. ముందు చిన్నగా మూలిగి, ఆ తరువాత బొంగురుగా అరిచేది.

అది బిగించిన కొన్నాళ్లకే మా ఆయన రేపల్లె బాడుగలు వద్దనడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. మాకు తిండి పెట్టేవే రేపల్లె బాడుగలు. అవి పోతే బండి అమ్ముకోవాలి, అమ్మితే తుక్కు ధరే వస్తుంది.

"ఏంటయ్యా నీ బాధ?" అని నిలదీశాను.

"భట్టిప్రోలు దాటాక కాలవ మలుపుందే. అక్కడ హారన్ కొడితే చాలు, రోడ్డు పక్క ఇంట్లోంచి ఒకావిడ నీళ్ల బకెట్టుతో బయటికొచ్చిద్ది. ఎప్పుడు కొట్టినా అంతే. నా మొహం చూడదు. బండినే చూసిద్ది."

"నీళ్లు తెస్తే భయమేంటి?"

"నువ్వే వచ్చి చూడు."

అందుకే ఆ మంగళవారం ముందు సీట్లో ఎక్కాను. వ్యాపారి నవ్వాడు.

"ఏంటండీ, ఈ బండికి ఆవిడ కూడా స్పేరు పార్టా?"

"అసలు ఇంజను నేనే. కూర్చోండి" అన్నాను.

వేమూరు దాటేసరికే ఇంజను వేడెక్కింది. భట్టిప్రోలు దాటాక బానెట్టు సందుల్లోంచి ఆవిరి మొదలైంది. మలుపు వచ్చింది. ఎదురుగా ఏం వస్తుందో కనపడని మలుపు, హారన్ కొట్టి తీరాలి. మా ఆయన కొట్టలేదు. నేనే పక్కనుంచి వంగి నొక్కాను. మోగలేదు. మళ్లీ నొక్కాను.

"వైరు పీకేశానే. పొద్దున్నే, తెనాల్లోనే" అన్నాడు మెల్లిగా.

ఇంజను ఆగిపోయింది. బండి కొంచెం జారి, సరిగ్గా ఆ ఇంటి ముందు నిలబడింది. ఎండ తప్ప రోడ్డు మీద ఏమీ లేదు. గేటు తెరుచుకుంది.

ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో పాత గుడ్డ. మమ్మల్ని పలకరించలేదు. మా ఆయన దిగి బానెట్టు ఎత్తాడు. ఆవిడ రేడియేటరు మూత మీద గుడ్డ వేసి, కాస్త తిప్పి పక్కకు జరిగింది. బుస్సుమని ఆవిరి పోయేదాకా ఆగి, తరువాత నీళ్లు కొంచెం కొంచెంగా పోసింది.

"ఒక్కసారే పోస్తే ఇంజను హెడ్డు పగిలిద్దని ఆయన అనేవారు" అంది.

"ఎవరమ్మా?" అన్నాను.

"మా ఆయనండి. ఆయన బండి కూడా ఇంటికొచ్చేసరికి ఇలాగే మరిగేది. హారన్ వినపడగానే బకెట్టు తెచ్చేదాన్ని. బండితో సహా కాలవలో పడిపోయారు. ఆ బండిని తెనాలి తుక్కువాళ్లు పట్టుకెళ్లారు."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇది ఆయన బండి కాదమ్మా."

"తెలుసండి. ఆయన లేరనీ తెలుసు. హారన్ మాత్రం ఆయనదే. అది విన్నాక లోపల ఎలా కూర్చుంటానండి?"

"ఇవాళ అది మోగలేదు" అన్నాను. నాకు నాన్చడం చేతకాదు.

ఆవిడ అప్పుడు మొదటిసారి నా మొహం చూసింది.

"మోగిందండి. రెండుసార్లు."

వ్యాపారి తన సంచీ తీసుకుని కిందికి దిగి, ఇక బస్సులో పోతానన్నాడు.

"ఆ హారన్ తీయించేస్తానమ్మా" అన్నాడు మా ఆయన.

ఆవిడ ఖాళీ బకెట్టు చేతికి తగిలించుకుంది. "తీసేస్తే ఆగిద్దా అండి?" అని లోపలికి వెళ్లి గేటు వేసుకుంది.

ఇంటికి రాగానే మా ఆయన ఆ వైరు తిరిగి తగిలించాడు. మోగని హారన్‌కు మనిషి రావడం కంటే, మోగినదానికి రావడమే నయమన్నాడు. రేపల్లె బాడుగలు మళ్లీ ఒప్పుకున్నాడు. మలుపులో కొట్టేవాడు, ఆవిడ వచ్చేది, నీళ్లు పోయించుకుని వెళ్లేవాడు. తొంభై మూడులో కింద చాసిస్ తుప్పు తినేసి బండి తుక్కుకు పోయింది. హారన్ మేస్త్రి విప్పుకున్నాడు. ఎవరి బండికి వేశాడో నేను అడగలేదు.

ఆ మంగళవారం మలుపులో ఉన్నది నేను, మా ఆయన, పసుపు వ్యాపారి, ఆ ఇంటావిడ. ఇంకెవరూ లేరు.