చెల్లెలి సంతకం ఏదీ?

మా ఆయన ఉద్యోగం జనం ఇళ్ల కాగితాల్లో తప్పులు వెతకడం. ఎవరైనా ఇల్లు కొనబోతే, అది ముప్ఫై ఏళ్లుగా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూసి, కొనవచ్చో లేదో చెబుతారు. కట్టను చివరి నుంచి మొదటికి చదువుతారు, అదీ బొటనవేలు నాలుకకు అద్దుకుంటూ. అలా అద్దుకోవద్దని ఇరవై ఏళ్లకు పైగా చెబుతున్నాను. గోడకు చెప్పినట్టే.

ఆయనకు ఎక్కువగా దొరికే తప్పు ఒకటే. తండ్రి పోతాడు, అన్నదమ్ములు పంచుకుంటారు, అమ్ముకుంటారు, ఆడపిల్లను మరిచిపోతారు. అప్పుడు మా ఆయన ఎర్ర సిరాతో అంచున రాస్తారు: ‘చెల్లెలి సంతకం ఏదీ?’ అలా ఎన్ని వేల కట్టల మీద రాశారో ఆయనకే తెలియదు. ఆఫీసులో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ‘చెల్లెలి సంతకం’గారే.

పోయిన ఏడాది యజమాని ఒక యంత్రాన్ని తెచ్చాడు. కాగితాలు చదివి తప్పులు పట్టే కంప్యూటరట. మా ఆయన పాత రాతలన్నీ దానికి నేర్పమన్నాడు. ఈయన అమాయకంగా మూడు నెలలు కూర్చుని, ఎర్ర సిరా వెలిసిపోయినచోట విప్పి చెప్పి మరీ నేర్పారు. ఏకు మేకైంది. ఆయన రెండు రోజులు చదివే కట్టను అది ఆయన టీ చల్లారేలోపు చదివేస్తోంది. నెలాఖరులోపు దానిది ఒక్క పొరపాటైనా చూపిస్తే కుర్చీ ఉంటుంది, లేకపోతే లేదని యజమాని తేల్చేశాడు. మా పెద్దమ్మాయి కాలేజీ చదువు ఇంకా రెండేళ్లుంది. నాకు భయం వేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది, కోపమొస్తే గిన్నెలు మోగుతాయి. ఆ నెలంతా మా వంటింట్లో మోతే.

చివరి రోజున మా ఆయన బీరువా తెరిచి మా ఇంటి కాగితాలే తీశారు. మామగారు పోయాక పంపకాల పత్రం స్వయంగా రాసింది ఆయనే. అందులో తప్పుండే ప్రశ్నే లేదు, యంత్రం లేని తప్పు చూపి దొరికిపోతుందని పథకం. ఎందుకైనా మంచిది, ఒకసారి చూసుకుని వెళ్లమన్నాను. “నేను రాసినదాన్ని మళ్లీ నేనే చూసుకోవాలా?” అన్నారు. కాకి పిల్ల కాకికి ముద్దు.

యంత్రం నలభై సెకన్లు చూసి, తెర మీద ఎర్ర అక్షరాలు వేసింది: ‘చెల్లెలి సంతకం ఏదీ?’

ఆఫీసంతా పడీ పడీ నవ్విందట. తీరా చూస్తే మరిది సంతకం ఉంది, అత్తగారి వేలిముద్ర ఉంది, మా ఆడపడుచు పేరు పక్కన మాత్రం ఖాళీ. యంత్రం అంతటితో ఊరుకుందా? తప్పు దొరికితే సంబంధించినవాళ్లకు నోటీసు పంపడం కూడా దాని పనేనట. ఏడు రోజుల్లో వచ్చి సంతకం చేయమని ఆవిడకు పంపేసింది.

పంపకాల రోజు నుంచి ఆవిడ మా గడప తొక్కలేదు. తొమ్మిదేళ్లు. అత్తగారి కుట్టుమిషన్ నా దగ్గర ఉండిపోయిందని అలిగిందనుకున్నాం. నేనైతే ఆ మిషన్ ముందు కూర్చున్నప్పుడల్లా ఆవిడను నాలుగు తిట్టుకునే కుట్టేదాన్ని. నోటీసు అందిన సాయంత్రం ఆవిడే వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టి నిలబడింది.

“మిషన్ కోసమైతే తీసుకెళ్లమ్మా,” అన్నారు మా ఆయన, తల వంచుకుని.

“మిషన్ ఎవరిక్కావాలి అన్నయ్యా? ఆ రోజు అందరినీ అడిగి సంతకాలు పెట్టించావు. నా దగ్గరికొచ్చేసరికి ‘అదెక్కడికి పోతుంది, తర్వాత పెడుతుందిలే’ అన్నావు. పెడతావా అని నన్ను అడిగింది, ఈ తొమ్మిదేళ్లలో ఆ కంప్యూటరొక్కటే.”

మా ఆయన పత్రం తెచ్చి ఆవిడ ముందు పరిచారు. “పెడతావా అమ్మా?” అని అడిగారు. ఆవిడ పెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను, ఒక్క గిన్నె కూడా మోగకుండా.

మర్నాడు సంతకమున్న పత్రం చూసి యజమాని నోరెళ్లబెట్టాడు. యంత్రం పంపిన నోటీసులు రెండు వందల పైచిలుకు. సంతకం తిరిగొచ్చింది, మనిషి ఎదురుగా అడిగిన దీనికొక్కదానికే. మిగతావి జనం చింపేశారు, కొందరు తిడుతూ జవాబు రాశారు. యజమాని కుర్చీని యంత్రానికే ఇచ్చి, మా ఆయనకు ఒక సంచి ఇచ్చాడు, ఇళ్లకు వెళ్లి అడిగి రమ్మని. జీతం కాస్త తగ్గింది, చెప్పుల ఖర్చు పెరిగింది. ఇప్పుడు కాళ్లకు బలపం కట్టుకుని ఊళ్లోని చెల్లెళ్లందరి ఇళ్లకూ తిరుగుతున్నారు. ముందు ‘ఎలా ఉన్నావమ్మా’ అంటారట, కాగితం ఆ తర్వాతే. రేపు ఆ యంత్రం అది కూడా నేర్చుకుంటే మా గతేమిటో నాకు తెలియదు.

మొన్న ఆ పత్రం నకలు ఇల్లు సర్దుతుంటే కనబడింది. నేనూ చదివాను, ఆయన పద్ధతిలోనే, చివరి నుంచి మొదటికి. ఇరవై నాలుగేళ్లుగా నేను ఊడ్చి తుడిచిన ఇల్లది. రెండుసార్లు చదివాను. తర్వాత ఎర్ర పెన్ను వెతికి, అంచున ‘భార్య పేరు ఏదీ?’ అని రాసి ఆయన సంచిలో పెట్టాను.

ఏడు రోజులు గడువిచ్చాను.