నలభై దినాలు తిరిగిన రాయి

పక్కచేన్లో రాజన్న పొద్దుటినుంచీ బోరు వేయిస్తున్నాడు, కిటికీలోంచి పొడి రాతిదుమ్ము వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ వాసనకు చేతిలో పని వదిలేసి, అలమరలోని తెల్ల పలుగురాయి ముక్కను తీసుకున్నాను. మా నాయన ఒంటికీ, పంచెకూ, ఆఖరికి ఆయన తిని లేచిన సంగటి తట్టకూ ఇదే వాసన ఉండేది. గార్లదిన్నె చుట్టూ బావులు తవ్విన మనిషి ఆయన; ఏ రాయి దొరికినా బొటనవేలితో నిమిరి గానీ పక్కన పెట్టేవాడు కాదు.

ఒక ఎండాకాలం పెన్నేటి దిక్కున తవ్వుతున్న బావిలో, నాలుగు నిలువుల లోతున, కోడిగుడ్లలాంటి నున్నటి తెల్లరాళ్ళు దొరికాయి. అచ్చనగాయలాడుకోమని ఐదు నాకిచ్చి, ఒకటి పాస్టరుగారికిచ్చాడు. పాస్టరుగారికి నోవహు ఓడంటే ప్రాణం. శనక్కాయ పీకేసిన చేలో మా సండేస్కూలు పిల్లల చేత మూడొందల మూరల పొడవు, యాభై మూరల వెడల్పు కొలిపించి, ఆ గీతల మధ్య మమ్మల్ని జంటలుగా నిలబెట్టి, మోకాలి లోతు నీళ్ళు కూడా చూడని మాకు జలప్రళయం గురించి చెప్పేవారు. గట్టు మీద కూర్చున్న నాయన, "మనూరి ఎద్దులకే గడ్డి లేదు, అన్నిటికి ఆయప్ప యాడ తెచ్చినాడో" అని నవ్వేవాడు గానీ, నమ్మకంలో ఆయన్ను మించినవాళ్ళు లేరు.

పాస్టరుగారు ఆ రాయిని జలప్రళయానికి రుజువన్నారు. బడిలో సైన్సు అయ్యవారేమో, ఏరు ఒకప్పుడు అక్కడ పారి ఉంటుంది, రాయి ఇంత నున్నబడాలంటే నలభై దినాల వాన చాలదు, వేల ఏండ్లు దొర్లాలి అన్నారు. భయపడుతూనే ఆ మాట ఇంట్లో చెప్పాను. నాయన ఉడికిన శనక్కాయలు ఒలుస్తూ, "ఇద్దురూ సదువుకున్నోళ్ళే. రాయినే అడుగుదాం పాపా" అన్నాడు.

అడిగే పద్ధతీ ఆయనదే. పలుగురాయిని సుత్తితో పగలగొట్టి, అంచు కత్తిలా ఉన్న ముక్కనొకదాన్ని ఇసుకా నీళ్ళతో డబ్బాలో వేసి, మూత బిగించి, సైకిలు వెనక చక్రం పుల్లలకు కట్టాడు. నలభై దినాలు ఆ డబ్బా గలగలమంటూ ఆయనతో పాటు పనికి పోయివచ్చింది. ఊరు నవ్వింది. పాస్టరుగారు మాత్రం మురిసిపోయి, మరుసటి ఆదివారం ఆరాధనలో ఈ పాపే సాక్ష్యం చెబుతుందని ప్రకటించేశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, బావులు తవ్వేవాడి బిడ్డకు సరిగ్గా అదే అయింది.

శనివారం సాయంత్రం ఎవరూ చూడకుండా డబ్బా తెరిచాను. పదును కాస్త తగ్గింది, అంతే. అందరి ముందూ నాయన తలదించుకోవడం నేను చూడలేను. నా అచ్చనగాయల్లో ఒకటి డబ్బాలో వేసి, ఆ ముక్కను దాచుకున్నాను.

మరునాడు దుమ్ముగాలికి తలుపులు మూసిన రేకుల చర్చిలో, చాపల మీద కూర్చున్నవాళ్ళంతా నన్నే చూస్తుంటే, అసలు రాయిని గుప్పిట్లో బిగించుకుని నిలబడ్డాను. అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది, పారిపోదామంటే దారి లేదు. పాస్టరుగారు డబ్బాలోంచి నున్నటి రాయి పైకెత్తగానే చప్పట్లు మోగాయి. దాన్ని నాయన చేతిలో పెట్టారు. నాయన బొటనవేలితో ఒక్కసారి నిమిరాడు.

"ఇది నా బిడ్డ ఆడుకునే రాయి" అన్నాడు. నా దగ్గరకొచ్చాడు. "చెయ్యి తెరువు పాపా."

తెరిచి, ఏడ్చేశాను. ఆయన ఆ ముక్కను అందరికీ చూపించి, "నలభై దినాలకు అరగలేదయ్యా. నాకు తెలిసింది అంతే" అన్నాడు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. ఇంటికి పోతూ నాయన మెల్లగా అన్నాడు: "దేవుని కోసరమైనా అబద్దపు సాక్ష్యం చెప్పగూడదు. మన అబద్దం ఆయనకేం పనికొస్తాది?"

ఆ తర్వాత నేను భూగర్భశాస్త్రం చదివాను. సైకిలు డబ్బాతో ప్రళయం తేలదని ఇప్పుడు తెలుసు. అయ్యవారి మాటే నిజమనీ తెలుసు. నాయన చివరిదాకా నోవహును నమ్మాడు, నాతో ఒక్కనాడూ వాదించలేదు. ఆయన తవ్విన బావులు పూడిపోయాయి, అచ్చనగాయలాడే పిల్లలు లేరు, గడ్డపారతో బావి తవ్వేవాళ్ళూ లేరు. నేను రైతులకు నీళ్ళు ఎక్కడున్నాయో చూసి చెబుతాను.

రాజన్న చేన్లో నీళ్ళు లేవని ముందే చెప్పాను. ఇప్పుడు తలనిండా దుమ్ముతో వాకిట్లో నిలబడి, "ఇంకా లోతుకు పోతే పడతాయి కదక్కా" అంటున్నాడు. నేను ఊ అంటే చాలన్నట్టు చూస్తున్నాడు. మళ్ళీ ఆ తలుపులు మూసిన చర్చిలోనే ఉన్నాను.

గుప్పిట తెరిచాను. "పడవప్పా" అన్నాను.