రిపోర్టులన్నీ బాగున్న మనిషి

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెను సూదక్క అనేవారు. రక్తపరీక్షల గదిలో కిటికీ పక్కనున్న కుర్చీ ఆమెది. ఎంత లావు చేయైనా, ఎంత ఎండిపోయిన చేయైనా వేలితో ఒకసారి తడిమి నరం పట్టేసేది. సూది దిగిన సంగతి తెలిసేలోపే దూది అద్ది మోచేయి మడవమనేది. "అప్పుడే అయిపోయిందా?" అని ఆశ్చర్యపోయేవాళ్ళతో "చాలలేదంటే చెప్పండి, ఇంకోటి పొడుస్తాను" అని నవ్వేది. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా జనం ఆమె ముందే నిలబడేవారు.

అలాంటి మనిషికి ఒక పొద్దున, ఒక ముసలాయన చేతికి రబ్బరు పట్టీ బిగిస్తుండగా, గుండె ఉన్నట్టుండి తాడు తెంచుకున్న దూడలా గంతులేయడం మొదలుపెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతున్నట్టయింది. ఎదురుగా ఉన్న ముసలాయన ముఖం ఎక్కడో దూరాన ఉన్నట్టు కనిపించింది. చచ్చిపోతున్నాననుకుంది. మరో ఆలోచనకు చోటే లేకపోయింది.

తోటివాళ్ళు చక్రాల కుర్చీలో ఎమర్జెన్సీ గదికి తీసుకెళ్ళారు. ఆ ఆసుపత్రిలో అందరికంటే సీనియరైన పెద్ద డాక్టరుగారు స్వయంగా వచ్చి ఈసీజీ చూశారు.

"ఏమీ లేదమ్మా. గుండ్రాయిలా ఉన్నావు. గ్యాసు పట్టి ఉంటుంది, రెండ్రోజులు ఇంట్లో పడుకో" అన్నారు.

అప్పటికి గుండె నెమ్మదించింది. మంచం చుట్టూ మూగినవాళ్ళు నవ్వారు. సిగ్గేసి ఆమె కూడా నవ్వింది.

ఆ వారంలోనే లిఫ్టులో మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత కూరగాయల కొట్టు దగ్గర, చిల్లర తీసుకుంటుండగా. ఆ పైన సిటీబస్సులో, దిగడానికి స్టాపు లేనిచోట. వచ్చిన ప్రతిసారీ ఈసారి మాత్రం పోవడం ఖాయమనుకునేది. పోయేది కాదు. కాసేపటికి ఒళ్ళంతా చెమటతో, పిండి ఆరేసిన బట్టలా మిగిలేది. రానురాను అది రావడం ఒక ఎత్తు, ఎప్పుడొస్తుందోనన్న దిగులు ఒక ఎత్తు అయింది. లిఫ్టు మానేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది. బస్సు మానేసి నడక మొదలుపెట్టింది. ఆ తర్వాత నడిచి వెళ్ళలేని చోట్లన్నీ మానేసింది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా గుమ్మం దగ్గరి కుర్చీలోనే కూర్చునేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది.

మధ్యలో పరీక్షలు చేయని అవయవం లేదు. రక్తం తానే తీసుకోలేదు కాబట్టి పక్క కుర్చీ అమ్మాయి తీసింది. థైరాయిడ్ బాగుంది. షుగరు లేదు. గుండె స్కానింగు, తల స్కానింగు అన్నీ శుభ్రం. రిపోర్టు వచ్చిన ప్రతిసారీ తోటివాళ్ళు అభినందించేవారు. "అదృష్టవంతురాలివి సూదక్కా, నీ ఒంట్లో వంక పెట్టడానికే లేదు" అనేవారు. ఆమె బాత్రూములోకి వెళ్ళి ఆ కాగితం పట్టుకుని ఏడ్చేది. ఏదో ఒక జబ్బు తేలితే బాగుండునని మొక్కుకునే స్థితి ఎంత దిక్కుమాలినదో, రిపోర్టు చేతికిచ్చి నవ్వేవాళ్ళకేం తెలుసు?

ఇంట్లో సంగతి చెప్పనక్కర్లేదు. ఆమె భర్త కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే పనివాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు తెలిసినదల్లా మోటార్లే. "మోటారు బాగుంది, కరెంటు వస్తోంది, ఇంక తిరగడానికేం రోగం?" అనేవాడు. అత్తగారైతే, "కడుపులో చల్ల కదలకుండా గడుస్తుంటే ఇలాంటివే పుట్టుకొస్తాయి. మా రోజుల్లో దడ వస్తే గ్లాసెడు నీళ్ళు తాగి పనిలో పడేవాళ్ళం" అనేది. అన్నయ్య ఫోనులో ధైర్యం చెప్పేవాడు: "ఎక్కువ ఆలోచించకు." ఆలోచించకుండా ఉండడమెలాగో మాత్రం చెప్పేవాడు కాదు. మునిగిపోతున్నవాడికి ఒడ్డున నిలబడి, తడవకు అని చెప్పినట్టుండేది ఆమెకు.

ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపు అతను మాత్రం వెంటనే ఉపాయం చెప్పాడు. "చిన్న మాత్రే అక్కా. రాత్రి వేసుకుంటే హాయిగా నిద్రపోతావు." చీటీ అడగలేదు. మొదట్లో సగం వేసుకునేది, తర్వాత ఒకటి, ఆ తర్వాత పగలు కూడా. దడ కొంచెం తగ్గినట్టుండేది గానీ తల దిమ్ముగా, చేతులు తనవి కానట్టుగా ఉండేవి. ఒకరోజు ఒక గర్భిణి చేతిలో సూది నరం దాటి దిగింది. చేయి నల్లగా కమిలిపోయింది. ఆ గర్భిణి తల్లి గదంతా దద్దరిల్లేలా తిట్టింది. ల్యాబ్ ఇన్‌ఛార్జి మర్నాడే సూదక్కను లోపలి గదికి మార్చాడు. ఇక ఆమె పని సీసాలకు లేబుళ్ళు అంటించడం. పేరు మాత్రం సూదక్కగానే ఉండిపోయింది. ఎవరైనా అలా పిలిస్తే చురుక్కుమనేది.

నాలుగేళ్ళు ఇలా గడిచాయి. ఆఖరికి దారి చూపింది ఏ డాక్టరూ కాదు. ఒకరోజు పక్క కుర్చీ అమ్మాయి సెలవు పెట్టడంతో ఆ పూటకు సూదక్క రక్తం తీయాల్సి వచ్చింది. ఎదురుగా ఒక లారీ డ్రైవరు కూర్చున్నాడు. అతని చీటీ మీద మానసిక వైద్య విభాగం ముద్ర ఉంది. ఆసుపత్రి వెనక, పాత మంచాలు పడేసే షెడ్డు దాటాక ఉంటుంది ఆ విభాగం. ఆ మనిషిలో పిచ్చి లక్షణమేదీ కనిపించలేదామెకు. ఉండబట్టలేక అడిగింది.

"అక్కడికెందుకు వెళ్తున్నారు?"

"లారీ నడుపుతుంటే గుండె దడొచ్చేదమ్మా. ఊపిరాడేది కాదు, పోతాననిపించేది. అన్ని టెస్టులూ చేశారు, ఏమీ లేదన్నారు. చివరికి అక్కడి మేడమ్ దగ్గర కుదిరింది."

"కుదిరిందా?"

"నిన్ననే రెండు రాష్ట్రాలు దాటి వచ్చాను."

సూదక్క అతని చేతికి దూది అద్దడం కూడా మర్చిపోయింది.

ఆ మధ్యాహ్నమే పాత మంచాల షెడ్డు పక్కనుంచి నడిచి వెళ్ళింది. ఎవరైనా చూస్తారేమోనని కొంగు తలమీదకు లాక్కుంది. లోపల ఒక పొట్టి డాక్టరమ్మ, గొంతు మాత్రం పెద్దది. ఆమె అడిగిన ప్రశ్నలు వింటే సూదక్కకు ఒళ్ళు జలదరించింది. నాలుగేళ్ళుగా పక్కనే ఉండి చూసిన మనిషిలా అడిగింది. ఉన్నట్టుండి వస్తుందా? వేళ్ళు తిమ్మిరెక్కుతాయా? పోతున్నాననిపిస్తుందా? మళ్ళీ వస్తుందేమోనని వెళ్ళడం మానేసిన చోట్లు ఉన్నాయా?

"దీన్ని పానిక్ డిజార్డర్ అంటారు. చాలామందికి వస్తుంది. వైద్యం ఉంది" అంది డాక్టరమ్మ.

"అందరూ ఏమీ లేదన్నారండీ."

"చీకట్లో తాడును చూసి పామనుకుని పరుగెత్తావనుకో. పాము లేని మాట నిజమే. కానీ పరుగెత్తింది నీ కాళ్ళే కదా, ఆయాసపడింది నీ గుండే కదా. పాము లేదు గనక ఆయాసమూ లేదంటే ఎలా?"

సూదక్క ఆ బల్లమీద తలపెట్టి ఏడ్చింది. ఈసారి చేతిలో రిపోర్టు లేదు.

వైద్యం మంత్రం వేసినట్టేమీ జరగలేదు. రోజూ వేసుకోవాల్సిన మాత్ర ఒకటి ఇచ్చారు. అది నిద్రమాత్ర కాదు, పనిచేయడానికి వారాలు పడుతుంది, మొదట్లో కొంచెం చికాకు పెట్టినా మానేయొద్దని ముందే చెప్పారు. నిద్రమాత్రలను ఒక్కసారిగా ఆపనివ్వలేదు, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. వారానికోసారి అక్కడే ఉండే కళ్ళజోడు సైకాలజిస్టు ఒకాయన దగ్గర కూర్చోవాలి. ఆయన చేయించిన పనులు చూస్తే ఆమెకు మొదట ఒళ్ళు మండింది. మెట్లమీద పరుగెత్తించాడు. తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిర్రున తిప్పాడు. సన్నటి గొట్టంలోంచి ఊపిరి పీల్చమన్నాడు.

"దడ తగ్గించమని వస్తే దడ పుట్టిస్తారేంటండీ?"

"పుట్టించి, దాంతో చావరని మీ ఒంటికి చెబుతున్నాను. నేను నోటితో చెబితే అది వినదు."

తర్వాత లిఫ్టు. మొదట తలుపు తెరిచి ఉంచి లోపల నిలబడడం, తర్వాత ఒక్క అంతస్తు. ఒకరోజు మధ్యలో గట్టిగా వచ్చింది. తలుపు తెరుచుకోగానే బయటికి దూకేసి, నెల రోజులపాటు మళ్ళీ అటువైపు వెళ్ళలేదు. సైకాలజిస్టు కోప్పడలేదు. "కింది మెట్టు నుంచి మళ్ళీ ఎక్కుదాం" అన్నాడంతే. ఏడాది తిరిగేసరికి లిఫ్టు ఎక్కింది, బస్సెక్కింది. దడ పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడు పలకరిస్తుంది. వస్తే రానీ, కూర్చుని పోతుందిలే అనుకోవడం మాత్రం వచ్చింది.

భయం వెనక్కి తగ్గేకొద్దీ లోపల్నుంచి కోపం పైకి లేచింది. తన కుర్చీకీ ఆ విభాగానికీ మధ్య ఉన్నది ఒక వసారా, ఒక షెడ్డు. రోజూ డాక్టర్ల మధ్యే తిరిగిన తనకు ఆ నాలుగడుగుల దూరం నాలుగేళ్ళెందుకు పట్టింది? ఒకరోజు ఓపీ అయిపోయాక పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళి అదే అడిగింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు మొదట్లోనే అనుమానం వచ్చిందమ్మా" అన్నారు.

ఆమె ఆ జవాబు ఊహించలేదు. తెలియలేదంటారనుకుంది. తెలియకపోతే క్షమించవచ్చు.

"మరి చెప్పలేదేం సార్?"

"నలుగురిలో ఉద్యోగం చేసుకునే ఆడమనిషివి. ఆ బిల్డింగుకు పంపితే నీ పేరేం కావాలి? నువ్వు బాధపడతావనే ఊరుకున్నాను."

"నా పేరు కాపాడారు, బాగానే ఉంది. మరి నన్నెవరు కాపాడాలి?" ఆయన బల్ల మీదికి వంగింది. "గుండెకు రంధ్రముంటే పేరు పోతుందని దాస్తారా సార్? మా అమ్మ జబ్బుపడితే బస్సెక్కలేక స్టాపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. కూతురికి నేనంటే లెక్కలేదని ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది. ఆ పేరు ఎవరు కాపాడతారు?"

"నీ మంచికేనమ్మా..."

"నా మంచి నన్నడిగి చేయాల్సింది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు ముందుకు లాక్కున్నారు. మర్నాడు సూపరింటెండెంటు ఆమెను పిలిపించి, పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది అని చీవాట్లు పెట్టాడు. తలవంచుకుని వింది గానీ క్షమాపణ చెప్పలేదు.

అక్కడితో అయిపోలేదు. తన కుర్చీ తనకిమ్మంటే ల్యాబ్ ఇన్‌ఛార్జి అడ్డుపడ్డాడు. "ఆ మాత్రలు వేసుకునే మనిషి చేతికి సూదెలా ఇస్తాం?" అన్నాడు. ఎవరికీ తెలియకుండా నిద్రమాత్రలు మింగిన రోజుల్లో రాని అనుమానం, వైద్యం జరిగి చేయి నిలిచాక వచ్చింది ఆయనకు. ఈసారి డాక్టరమ్మే షెడ్డు దాటి నడిచి వచ్చింది.

"మీరు షుగరు మాత్రలు వేసుకుని మైక్రోస్కోపు చూడట్లేదా?" అని ఇన్‌ఛార్జిని అందరి ముందూ అడిగింది. పక్క కుర్చీ అమ్మాయి కిసుక్కున నవ్వింది. వారం రోజులు నాన్చి, చివరికి కుర్చీ ఇచ్చారు. ఇవ్వక తప్పలేదు గనక ఇచ్చారు.

ఇప్పుడు రిపోర్టులన్నీ బాగుండి ముఖం పాలిపోయిన మనిషి ఎవరైనా కుర్చీలో కూర్చుంటే, ఆమె పట్టీ బిగిస్తూ నెమ్మదిగా అడుగుతుంది: "దడగా ఉంటుందా? వెనక బిల్డింగులో ఒక డాక్టరమ్మ ఉంది. నేనూ చూపించుకున్నాను." కొందరు విసురుగా చేయి లాక్కుంటారు. నన్ను పిచ్చిదాన్ననుకుంటున్నావా అని ఒకామె ఫిర్యాదు కూడా చేసింది. కొందరు దారి అడుగుతారు. అలా అడిగినవాళ్ళను షెడ్డు దాకా తానే తీసుకెళ్తుంది. ఇన్‌ఛార్జి ఇది మీ పని కాదని రెండుసార్లు మందలించాడు. ఆమె మానలేదు. ఇంట్లో అత్తగారి మాటలూ మారలేదు. భర్త మాత్రం ఒక రాత్రి అన్నం తింటూ, "కొన్ని మోటార్లు మీటరు పెడితే బాగానే చూపిస్తాయి, లోడు మీద పడితేనే తెలుస్తుంది లోపం. నాకు తట్టలేదు చూడు" అన్నాడు. ఆమె ఇంకొంచెం కూర వడ్డించింది.

ఈమధ్య పెద్ద డాక్టరుగారు రిటైరయ్యారు. పై అంతస్తు హాల్లో సన్మానం పెట్టారు. పూలదండలు, ఉపన్యాసాలు. రోగి మనసు నొప్పించకుండా వైద్యం చేసిన మహానుభావుడని సూపరింటెండెంటు మైకులో చెబుతుంటే కింది గది దాకా వినిపించింది. అందరూ వెళ్ళారు. "రావా సూదక్కా, లిఫ్టులో జనం ఉన్నారని భయమా?" అని అడిగింది పక్క కుర్చీ అమ్మాయి.

"కాదు" అందామె. "ఇష్టం లేదు."

భయంతో వెళ్ళలేకపోయిన చోట్లు ఆమె జీవితంలో బోలెడున్నాయి. ఇష్టం లేక వెళ్ళకపోవడం మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత ఇదే మొదటిసారి. పైన చప్పట్లు మోగుతుండగా ఆమె తర్వాతి మనిషిని పిలిచి, చేయి చాపమంది.