కొట్లాడినోళ్లకు ఒకే తాడు

మొన్న సోమవారం పొద్దున్నే యాదగిరి ఫోను చేశాడు. చెవుడు వచ్చినప్పటి నుంచి ఫోనులో అరిచి మాట్లాడటం అతనికి అలవాటు. ఆ రోజు అరవలేదు. "సారు పోయిండు బావా. నిద్రలనే పానం వోయిందట" అన్నాడు. తొంభై దాటిన మనిషి, మంచాన పడకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్లిపోయారు. అదృష్టవంతుడు అనాలి, లోకం అలాగే అంటుంది. నా నోటికి ఆ మాట రాలేదు. ఏడుపు వచ్చింది. ఈ వయసులో ఏడవడానికి సిగ్గు కూడా వేయలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు చాలా బాగా మాట్లాడారు. క్రమశిక్షణ గల ఉపాధ్యాయుడన్నారు, ప్రార్థనాపరుడన్నారు. అన్నీ నిజమే. కానీ గుట్టల సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కడున్న వాళ్లలో గుట్టల సంగతి తెలిసినవాళ్లం యాదగిరీ నేనూ మాత్రమే మిగిలాం. మేమిద్దరం ముసలివాళ్లం, మమ్మల్ని మాట్లాడమని ఎవరడుగుతారు? అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఆయన నాచారంలో ఒక మిషను బడిలో డ్రిల్లు నేర్పేవారు. అక్కడివాళ్లందరికీ సారు, కోస్తా నుంచి వచ్చిన నాకు మాస్టారు. ఆ పిలుపు మీద కూడా కొన్నాళ్లు వాదన నడిచింది, చివరికి ఎవరి పిలుపు వాళ్లకు మిగిలింది. మాస్టారు వాళ్లది నల్లగొండ దిక్కు పల్లె. తండ్రి నడుముకు మోకు కట్టుకొని బావుల్లోకి దిగి పూడిక తీసేవాడట. "మా నాయిన కిందికి దిగిండు, నేను పైకి ఎక్కుతున్న. మోకు ఒక్కటే" అనేవారు మాస్టారు. కుర్రతనంలో సర్కారు ఖర్చు మీద హిమాలయాల దగ్గర కొండలెక్కే శిక్షణకు వెళ్లి వచ్చారు. మంచు కొండలు చూసిన కంటికి మన గుట్టలు ఆనుతాయా మాస్టారూ అని ఒకసారి అడిగాను. "మంచు కరుగుతది. మన రాయి కరుగది" అన్నారు.

నా సంగతీ చెప్పాలి. మాది కృష్ణా జిల్లా, కాలువల కింద ఊరు. మా ఊళ్లో అన్నిటికంటే ఎత్తయినది గడ్డివామి. అరవైల మొదట్లో ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో ఇంజినీరుగా చేరాను. కొత్త ఊరు, తెలిసినవాళ్లు లేరు, కోపం ముక్కు మీద ఉండే స్వభావం. ఒక ఆదివారం నాచారం వైపు నడిచి వెళ్తుంటే చర్చి గోడ మీద నలుగురైదుగురు కూర్చొని కమ్యూనిస్టు పార్టీ ఎందుకు చీలిందో గొంతులు చించుకొని వాదించుకుంటున్నారు. పక్కన పెద్ద తాడు చుట్ట. లోపల ఆరాధన జరుగుతోంది. ఆ గోడ మీద అందరికంటే పెద్ద గొంతు యాదగిరిది. తహసీలు కచేరీలో గుమాస్తా, ఘట్‌కేసర్ దగ్గరివాడు. దేవుణ్ణి నమ్మడు. అయినా ప్రతి ఆదివారం చివరి పాట అయ్యేదాకా ఆ గోడ మీదే కాచుకొని కూర్చునేవాడు, ఎందుకంటే సారు బయటికి వస్తే గానీ గుట్టకు బయలుదేరేది లేదు. నేను ఆగి, "మీరు చెప్పేది తప్పండీ" అన్నాను. అంతే, నన్నూ గోడ ఎక్కించుకున్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా యాదగిరి ఆ రోజు నుంచే నన్ను బావా అన్నాడు.

ఆరాధన అయ్యాక మాస్టారు వచ్చేవారు. తెల్లటి కాన్వాసు బూట్లు, బడి నుంచి తెచ్చిన సుద్దతో పామినవి. మెడలో ఈల. చర్చిలో దాన్ని చొక్కా లోపల వేసుకునేవారు, బయటికి రాగానే పైకి తీసేవారు. మేడిపల్లి అవతలి గుట్టలకో, చెంగిచెర్ల గుట్టకో నడక. ఎప్పుడైనా బస్సెక్కి భువనగిరి. దారి పొడుగునా రాజకీయాలే. చైనాతో యుద్ధం, బియ్యం ధర, ఏ మంత్రి ఎవరి మనిషి, స్థానికులకే ఉద్యోగాలనే ముల్కీ నిబంధన ఉండాలా వద్దా. మాస్టారు ఎవరినీ ఆపేవారు కాదు. కబడ్డీ ఆటకు రెఫరీలాగా మధ్యలో నడిచేవారు. ఎవరైనా కులం ఎత్తినా, తల్లిని ఎత్తినా ఈల ఊదేవారు. "ఫౌల్. ముచ్చట చెప్పు, మనిషిని తిట్టకు" అనేవారు. అంత పెద్దవాళ్లం, ఈల వినగానే బడిపిల్లల్లా నోరు మూసుకునేవాళ్లం.

గుట్ట కింద రొట్టెల మూట దించాక ఆయన తీర్పు వచ్చేది. ఆ రోజు దారిలో ఎవరిద్దరు అందరికంటే గట్టిగా కొట్లాడారో వాళ్లిద్దరూ ఒకే తాడు మీద ఎక్కాలి. "ఎక్కువ కొట్లాడినోళ్లకు ఒకే తాడు." అది ఆయన పెట్టిన కట్టుబాటు. తాడు మీద ఎక్కడమంటే తెలియనివాళ్లకు చెప్తాను. ముందు ఒకరు పైకి వెళ్లి, రాయికి కాళ్లు తన్నిపెట్టి కూర్చొని, తాడును నడుం చుట్టూ తిప్పి పట్టుకుంటారు. రెండో కొస కట్టుకొని రెండోవాడు ఎక్కుతుంటే పైవాడు తాడు బిగువుగా ఉండేట్టు లాక్కుంటూ ఉండాలి. కిందివాడు జారితే పట్టుకునేది పైవాడే, దేవుడు తర్వాత. అప్పటిదాకా నువ్వు మూర్ఖుడివని తిట్టినవాడి చేతికి ప్రాణం అప్పగించి ఎక్కాలన్న మాట. కట్టుబాటు ప్రకారం ప్రతి ఆదివారం నాకు యాదగిరి, యాదగిరికి నేను.

మొదటి ఏడే ఒక పొరపాటు జరిగింది. మేడిపల్లి అవతలి గుట్ట మీద యాదగిరి పైన, నేను మధ్యలో. తాడు వదులుగా వేలాడుతోంది. "లాగు" అని అరిచాను. గాలి కొడుతోంది, అతనికి "ఆగు" అని వినబడింది. బుద్ధిగా ఆగాడు. ఇంకా గట్టిగా "లాగు, లాగు" అన్నాను. ఇంకా గట్టిగా ఆగాడు. చివరికి జారాను. తాడు పట్టుకుంది కానీ మోకాలు నుంచి మడమ దాకా తోలు లేచిపోయింది. పైకి చేరాక నేను చేసిన రభస అంతా ఇంతా కాదు.

"ఆగమన్నవు, ఆగిన" అన్నాడు యాదగిరి.

"లాగమన్నానయ్యా."

"లాగంటే మా దిక్కు పోరగాండ్లు తొడుక్కునేది. గుట్ట మీద నీకు లాగెందుకు బావా?"

అందరూ పడిపడి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. నా కాలు కడిగి, తన తువ్వాలు చింపి కట్టారు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి, ఇకమీదట తాడు మీద లాగు అనే మాట లేదు, గుంజు అనాలి అన్నారు. నాకు మళ్లీ మండింది. "ఉద్యోగాల్లో ముల్కీ, తాడు మీద కూడా ముల్కీయేనా మాస్టారూ? మీ మాటే నెగ్గాలా?" అన్నాను.

"నెగ్గుడు ఓడుడు కాదు ఇంజినీరు. గుంజు అంటే గాలిల గూడ ఇనబడ్తది. తాడు సడలించాలంటే మావోళ్లు ఇడువు అంటరు. ఇడువు అంటే మొత్తమే ఇడిసిపెడ్తడు, నువ్వు కిందవడ్తవు. దానికి మీ మాటనే మంచిగున్నది, వదులు. పైకి మా మాట, కిందికి మీ మాట. ఇగ రొట్టెలు తీయున్రి."

పైకి వాళ్ల మాట, కిందికి మా మాట అనడంలో కూడా రాజకీయం ఉందని ఇంటికి వచ్చేదాకా గొణుగుతూనే ఉన్నాను. ఆయన వినీ విననట్టు నడిచారు. కానీ ఆ తర్వాత ఆ రెండు మాటలూ మా అందరికీ నోటికి పట్టేశాయి. మా ఆవిడ దోమతెర కట్టేటప్పుడు నేను "గుంజు" అంటే, ఈయనకు భాష మారిపోయిందని పుట్టింటికి వెళ్లినప్పుడు చెప్పుకొని నవ్వింది.

ఆయనలో నాకు నచ్చని గుణం ఒకటుండేది. మెచ్చుకోరు. ఎంత కష్టమైన రాయి ఎక్కి వచ్చినా ఒక్క శభాష్ లేదు. ముడి రెండుసార్లు గుంజి చూసి, "ఇది ముడేనా, పేలాల మూటనా?" అనేవారు. మెప్పు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఆయన తిట్టని రోజే మెచ్చుకున్న రోజని లెక్క వేసుకోవడం నేర్చుకున్నాం.

అలా ఉండగా అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ వేరు కావాలని ఊరూ వాడా లేచింది. బడులు మూతపడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి, కాల్పుల్లో చదువుకునే పిల్లలు పోయారన్న కబుర్లు వచ్చేవి. యాదగిరికి రావలసిన పై ఉద్యోగం మా వైపు నుంచి వచ్చినవాడికి ఇచ్చారు. అతని కడుపు మంటలో న్యాయం ఉంది. ఊరేగింపుల్లో తిరిగాడు, కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు. మా ఇంటి గోడ మీద ఎవరో తారుతో వెళ్లిపొమ్మని రాశారు. మా ఆవిడ కూరగాయలకు వెళ్లాలంటే భయపడేది. ఆఫీసులో మావాళ్లు ఒక్కొక్కరే సంసారాలను బెజవాడకు పంపేశారు. నేనూ బదిలీ అడిగాను, ఇస్తామన్నారు.

ఒకరోజు ఉప్పల్ చౌరస్తాలో యాదగిరి ఎదురుపడ్డాడు. "మీరు ఎన్నడు పోతున్నరు?" అన్నాడు. అన్నేళ్లు నువ్వు, బావా అన్న నోటితో మీరు అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. "త్వరలోనే అండీ" అన్నాను నేను కూడా. ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. ఆ తర్వాత గుట్టలూ లేవు, మాటలూ లేవు.

సామాను కట్టేసిన ఆదివారం మాస్టారు మా ఇంటికి వచ్చారు. బస్సులు లేవు, నాచారం నుంచి నడిచే వచ్చారు. భుజాన తాడు. కట్టిన పెట్టెలు చూసి, వాటిలో ఒకదాని మీదే కూర్చున్నారు.

"యాదగిరితోటి కొట్లాడినవా?" అన్నారు.

"లేదు మాస్టారూ. మాట్లాడుకోవడమే లేదు."

"గదే నాకు ఫికరు." మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగారు. "సూడు ఇంజినీరు, నీ దగ్గర దాచిపెట్టేదేంది? రాష్ట్రం వేరు కావాలె. మావోళ్లకు అన్యాయమైంది, నేను గూడ జెండా వట్టిన. గానీ రాష్ట్రం వేరైతె నువ్వెందుకు వోవాలె? నేను పొమ్మన్ననా?"

"మీరు అనలేదు. గోడ మీద రాశారుగా."

"గోడ మీద రాసినోడు ఎన్నడన్న నీకు తాడు వట్టిండా?"

వెళ్లిపోదామని అందరికంటే ముందు అన్న మా ఆవిడే నా బూట్లు తెచ్చి పెట్టింది.

చెంగిచెర్ల గుట్ట కింద యాదగిరి అటు తిరిగి కూర్చొని ఉన్నాడు. అతన్ని ఏం చెప్పి రప్పించారో నాకు ఇప్పటికీ తెలియదు. మాస్టారు తాడు విప్పుతూ మామూలు కట్టుబాటే చెప్పారు. "మేము కొట్లాడలే సారు" అన్నాడు యాదగిరి. "అయితె ఇంక పెద్ద కొట్లాట. కట్టుకోన్రి" అన్నారాయన.

అతను పైకి వెళ్లి కూర్చున్నాడు. నేను ఎక్కడం మొదలుపెట్టాను. సగం దాటాక ఆ గుట్టకు నున్నటి పొట్ట ఒకటుంది, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అక్కడ తాడు వదులైంది. గుంజు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది వాళ్ల మాట, ఈ పూట అంటే ఓడిపోయినట్టే అనిపించింది. ఎంత వెర్రితనమో చూడండి, పడి చచ్చినా ఆ మాట అనకూడదనుకున్నాను. కాలి కింద బూటు కొద్దికొద్దిగా జారుతోంది. కింద మాస్టారు తల ఎత్తి చూస్తున్నారు. ఈల ఊదలేదు.

అప్పుడు పై నుంచి గొంతు వినబడింది.

"బావా, లాగమంటవా?"

లాగడం అనే మాట అతని నోట నేను ఎప్పుడూ వినలేదు, ఎగతాళికి తప్ప. ఆ రోజు ఎగతాళి లేదు. "గుంజు బావా" అన్నాను. తాడు బిగిసింది.

పైన అతని పక్కన చేరగిలబడ్డాను. యాదగిరి తాడు కొసను మాస్టారుకు కిందికి జారవిడుస్తూ, "మీవోడు నా కుర్సీల కూసున్నడు" అన్నాడు. "కూర్చుంటే నేనేం చేశాను?" అన్నాను. అంతే, మొదలైంది. ఇన్నాళ్లు లోపల దాచుకున్నదంతా బయటపడింది. నేను గోడ సంగతి చెప్పి అరిచాను, అతను జైలు సంగతి చెప్పి ఏడ్చాడు. మాస్టారు మా తాడు అందుకొని పైకి వచ్చేసరికి ఆయన చొక్కా వీపు మొత్తం తడిసి ఉంది. పెద్ద ఎండ కూడా కాదు. ఏమీ అనకుండా పల్లీల మూట విప్పి, ఒలుస్తూ మా కొట్లాట విన్నారు.

మేం వెళ్లలేదు. పెట్టెలు విప్పాం. ఉప్పల్‌లోనే పిల్లలు పెరిగారు, అక్కడే ముసలివాళ్లమయ్యాం. ఎన్నో ఏళ్ల తర్వాత రాష్ట్రం వేరైన రోజు మాస్టారు ఫోను చేశారు. "ఇంజినీరు, ఏడున్నవు?" అన్నారు. "ఇంట్లోనే మాస్టారూ, ఉప్పల్‌లోనే" అన్నాను. "మంచిది" అని పెట్టేశారు. ఆ మనిషి నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే అనుకుంటాను.

ఆయన పోయారన్న కబురు విన్నప్పటి నుంచి నాకు కనిపిస్తున్నది మాత్రం ఆ సాయంత్రం చెంగిచెర్ల నుంచి ఇళ్లకు నడిచి వచ్చిన దారి. తాడు భుజాన వేసుకొని ఆయన ముందు, మేమిద్దరం వెనక. ఉద్యోగాల గురించి, నీళ్ల గురించి, ఎవరు ఎవరిని ముంచారన్నదాని గురించి ఒకరి మాట మీద ఒకరం పడుతూ వస్తున్నాం. ఒకచోట ఇద్దరమూ అలిసిపోయి ఊరుకున్నాం. ముందు ఆయన అడుగు ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎండిన గడ్డి మధ్య, బండ్ల బాట మీద, అటు తిరిగి అలాగే నిలబడ్డారు. "అయినా బావా, మీ కాలువలకు నీళ్లు ఏడికెల్లి వస్తయో ముందుగాల గది చెప్పు" అని యాదగిరి మళ్లీ అందుకున్నాడు. నేను అంతెత్తున లేచాను. అప్పుడు మాస్టారు నడిచారు.