గేరుబాక్సు అడుగున చల్లిన నీళ్లు

పెద్దబండి నిలిచిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా వాచ్‌మన్ దస్తగిరి. అది కరోనాకు ముందటి వేసవి, మే నెల. అప్పుడు నేను అనంతపురంలో ఒక ధర్మసంస్థ నడిపే సంచార వైద్యశాల వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుని. హోదాలో నా పైన రవాణా మేనేజరు ఒక్కరే. బండ్లు దారిలో ఆగితే పోయి చూసి, బ్రేక్‌డౌన్ రిపోర్టు రాసి సంతకం పెట్టడం నా బాధ్యత.

"సుశీలక్కా, పెద్దబండి గుంతకల్లు ఆసుపత్రి ముందర నిలబడిపోయిందంట. డ్రైవరు ఓబులేసు ఫోన్ చేసినాడు. ఈ నెల్లో ఇది మూడోసారి. దానికీ వడదెబ్బ తగిలిందేమో చూడు పో!" అన్నాడు దస్తగిరి.

నేను బడికి పోయినదాన్ని కాదు. అమ్మ ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించింది. పామిడిలో డైనమోలు బాగుచేసే నాయన మీటరు పట్టడం నేర్పాడు. పరీక్షలు ప్రైవేటుగా రాశాను. ఆ ఇద్దరి చదువుతో ముప్పై ఏళ్లు అన్నం తిన్నాను. అందుకు ప్రతి ఉదయం దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఓబులేసు సంగతి గుర్తొచ్చిన రోజు మాత్రం ఆ ప్రార్థన సగంలో ఆగిపోతుంది.

పెద్దబండి అంటే బస్సు చాసిస్ మీద కట్టించిన చిన్న ఆసుపత్రి. లోపల మంచం, మందుల బీరువా, రక్తపరీక్షల బల్ల. రోగులకు కుదుపు తగలకూడదని దానికి ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టించారు. ఇలాంటి గేరుబాక్సులో గేర్లు మార్చేది డ్రైవరు చెయ్యి కాదు, లోపల తిరిగే ఆయిలు, దాన్ని నడిపించే కంప్యూటరు. ఆయిలు మరీ వేడెక్కితే లోపలి ప్లేట్లు మాడిపోతాయి. అందుకని ఆయిల్లో బొటనవేలంత సెన్సరు ఒకటి మునిగి ఉంటుంది. అది వేడిని కొలిచి కంప్యూటరుకు చెబుతుంది. హద్దు దాటితే డ్రైవరు ముందు ఎర్ర దీపం వెలుగుతుంది, బండి చిన్న గేరు దాటి పైకి పోదు. దీపం వెలిగిన వెంటనే బండి ఆపి చల్లారనివ్వాలని మా నియమం.

ఓబులేసు ఆపలేదు. విడపనకల్లు దగ్గర ఒక ఊళ్లో శిబిరం ముగుస్తుండగా ఒక గర్భిణికి రక్తం పోవడం మొదలైంది. నర్సు ఆమెను బండిలోనే పడుకోబెట్టి గుంతకల్లుకు పోనిమ్మంది. దారిలో దీపం వెలిగింది. అతను చిన్న గేరులోనే నలభై నిమిషాలు లాక్కొచ్చి ఆసుపత్రి ముందర ఆపాడు.

నేను జీపులో చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బండి చల్లబడి ఉంది. కంప్యూటరు జ్ఞాపకం చదివే స్కానర్ తగిలించి, ఓబులేసు పక్కన కూర్చుని, అతనితోనే బండిని ఊరి బయటికి నడిపించాను. అరగంటలో దీపం మళ్లీ వెలిగింది. స్కానర్ మీద ఆయిలు వేడి నూట ముప్పై ఒకటి. బండి ఆపగానే ఓబులేసు నీళ్ల సీసా తీసుకుని కిందికి దూరాడు.

"అక్కా, ఈడికి రా. నీళ్లు చల్లుతాండా, చూడు. చుయ్ అంటాందా?"

రోడ్డు మీద తారు మెత్తబడి ఉంది. నేను కిందికి వంగలేదు. స్కానర్ తెర మీద ఎండ పడుతుంటే కొంగు అడ్డం పెట్టుకుని అంకెలు రాసుకుంటున్నాను.

"ముందర రెండుతూర్లు నిలబడినప్పుడూ, పొద్దున ఆసుపత్రి కాడ కూడా చల్లి చూసినానక్కా. పెన్నం కాలిందో లేదో మీ ఆడోళ్లకు నేను చెప్పల్లనా? నూటముప్పై ఉంటే నీళ్లు ఎగిరి దుంకల్ల. ఇది ఊరికే ఆరిపోతాండాది."

"ఓబులేసూ, మిషను చూపిస్తాండాది కదా. నీ నీళ్ల చుక్కను నమ్మల్లనా, దీన్ని నమ్మల్లనా?" అన్నాను.

"సదివేది నువ్వు, నడిపేది నేను. నువ్వు ఏది రాస్తే అది," అన్నాడు దుమ్ము దులుపుకుంటూ.

ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూశాను. ఆయిలు కొత్తదానిలా ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. అదీ రాశాను. కానీ రిపోర్టు చివర, కారణం రాసే గడిలో ఇలా రాశాను: 'ఆయిలు అధిక వేడి. హెచ్చరిక దీపం వెలిగిన తర్వాత నలభై నిమిషాలు నడిపినట్టు కంప్యూటరులో నమోదై ఉంది.' నీళ్లు చల్లిన మాట రాయలేదు. రిపోర్టులో అలాంటిదానికి గడి లేదు. ఉద్యోగం మీదికి తెచ్చుకున్న డ్రైవరు ఏదో ఒకటి చెబుతాడులే అనుకున్నాను కూడా.

ఆ వాక్యం మీదనే మేనేజరు ఓబులేసును తీసేశారు. అతని సర్వీసు పుస్తకంలో 'నిర్లక్ష్యం' అని ఎక్కింది. పద్దెనిమిదేళ్ల డ్రైవరు. వాహనానికి నష్టం తెచ్చాడని పుస్తకంలో ఎక్కినవాడిని మళ్లీ పెద్ద బండి ఎవరూ ఎక్కించరు.

ప్లేట్లు మాడి ఉంటాయని గేరుబాక్సు దించి బెంగుళూరు పంపారు. అయిదు వారాలు బండి లేదు. బిళ్లలు అయిపోయిన సుగరు రోగులు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటున్నారని నర్సు చెప్పింది. గేరుబాక్సు తిరిగి వచ్చింది. దాంతో వచ్చిన కాగితంలో ప్లేట్లు కొత్తవాటిలా ఉన్నాయని, ఏమీ మార్చలేదని ఉంది. బిగించి కొత్త డ్రైవరుకు ఇచ్చిన మొదటి రోజే పామిడి దాటకముందే దీపం వెలిగింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి దోసెలు పోయడానికి పెనం పొయ్యి మీద పెట్టాను. కాలిందో లేదో చూద్దామని చెయ్యి తడిపి నీళ్లు చిలకరించాను. చుక్కలు కదలకుండా అక్కడే ఆరిపోయాయి. పెనం ఇంకా కాలలేదు. ఓబులేసు చెప్పింది ఇదే.

మరునాడు తెల్లవారకముందే వర్క్‌షాపుకు పోయాను. బండి రాత్రంతా షెడ్డులో ఉంది, ఇంజను వేయలేదు. అలాంటి బండిలో ఆయిలు వేడి, బయటి గాలి వేడి ఒకటే ఉండాలి. గోడకున్న థర్మామీటరులో ఇరవై ఏడు. స్కానర్ తగిలించి తాళం మాత్రం తిప్పాను. ఆయిలు వేడి అరవై ఎనిమిది. చల్లటి బండి తాను కాగుతున్నానని చెబుతోంది.

తప్పు తీగలోనా సెన్సరులోనా అని తేల్చుకోవాలి. సెన్సరు ప్లగ్గు ఊడదీశాను. అంకె ఒక్కసారిగా అన్నిటికన్నా కిందికి పడింది. తీగ ఎక్కడా బండి ఇనుముకు తగల్లేదని, తప్పు సెన్సరుదేనని దానర్థం. తర్వాత ఆయిలు దించి సెన్సరు బయటికి తీశాను. వేడి పెరిగేకొద్దీ ఈ సెన్సరులో కరెంటుకు అడ్డు తగ్గాలి. ఏ వేడికి ఎంత అడ్డు ఉండాలో పట్టిక ఉంటుంది. గ్లాసు నీళ్లలో సెన్సరునూ థర్మామీటరునూ కలిపి ముంచి మీటరు పెట్టాను. చల్లటి నీళ్లలో కూడా వేడినీళ్లకు ఉండాల్సిన అంకె చూపించింది. నీళ్లు కాచి చూసినా అంతే, ఎప్పుడూ నలభై డిగ్రీలు ఎక్కువ చెబుతోంది.

అంటే ఆ రోజు గుంతకల్లు రోడ్డు మీద నిజమైన వేడి తొంభై. మే నెల ఎండలో ఎవరికీ అనుమానం రాని అబద్ధం అది. చలికాలంలో నలభై కలిసినా హద్దు దాటలేదు, కాబట్టి దీపం వెలగలేదు. మా దగ్గర వేసవిలో అన్నీ కాగుతాయి, ఇదీ కాగిందనుకున్నాం. అనుకున్నది నేనే.

రెండో రిపోర్టు రాసి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"సుశీలమ్మా, దీపం వెలిగినాక నడిపినాడా లేదా?"

"నడిపినాడు సార్. దీపం అబద్ధం."

"అబద్ధమని వానికి తెలుసునా?"

తెలుసు సార్, నీళ్లు చల్లి చూసినాడు అన్నాను. మొదటి రిపోర్టులో ఆ మాట ఎందుకు లేదని అడిగారు. అలాంటిదానికి గడి లేదు సార్ అన్నాను. ఆయన, నియమోల్లంఘన ఉల్లంఘనేనని, కాగితాలు పైకి పోయినాయని చెప్పి, రెండో రిపోర్టును 'అదనపు సమాచారం' కింద ఫైలులో పెట్టించారు. తర్వాత మూడుసార్లు రాశాను. సర్వీసు పుస్తకంలో ఆ మాట మారలేదు.

ఓబులేసు ముదిగుబ్బ దగ్గర బామ్మర్ది గొర్రెలు మేపుతున్నాడని తెలిసి బస్సెక్కి పోయాను. తుమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పి, తప్పు నాదని అన్నాను.

"ఆయమ్మ యెట్లుండాది?" అని అడిగాడు.

తల్లీ బిడ్డా బాగున్నారని నర్సు చెప్పిందన్నాను.

"సరే పో. గొర్రెలకు ఎర్రలాంపు లేదులే అక్కా. కాగితే అవే నీడకు పోతాయి," అని నవ్వాడు. ఆ నవ్వు ఆగిపోయాక, "ఒక్కతూరి వంగి చూసుంటే అయిపోయుండు కదక్కా" అన్నాడు. కోపంగా అనలేదు. నేను తిరుగు బస్సు ఎక్కేదాకా గొర్రెల వైపే చూస్తూ ఉన్నాడు. అతను మళ్లీ స్టీరింగు పట్టలేదు.

కొత్త సెన్సరు వేశాక పెద్దబండికి ఆ రోగం రాలేదు. నేను నేర్చుకున్నది రెండు సంగతులు. వేడి చూపించే సెన్సరును చల్లటి బండి మీద పరీక్షించకుండా నమ్మకూడదు. డ్రైవరు చేసిన పరీక్ష ఎంత నాటుదైనా, గడి లేకపోయినా, రిపోర్టులో రాయాలి. రిటైరయ్యేదాకా ప్రతి రిపోర్టులో మొదటి వాక్యం డ్రైవరు మాటే రాశాను. ఓబులేసుకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఆ తల్లీ బిడ్డా బతికినందుకు దేవునికి కృతజ్ఞత. ఇది చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. సర్వీసు పుస్తకంలో ఏమున్నా, ఆ రోజు బండి కిందికి దూరి సరిగ్గా చూసినవాడు ఓబులేసు. అతని పేరు గుర్తుపెట్టుకోండి.