అవ్వ చెప్పిన పదో మాట

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటు పక్కన కడుతున్న భవనం దగ్గర పాలమూరు కూలీలు ఇటుకల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తుంటే, ఆ మాడిన అంచు వాసన ఎనిమిదో అంతస్తు దాకా ఎక్కి వచ్చి, నన్ను లిఫ్టు అక్కర్లేకుండానే బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో దింపేసింది.

ఎనభైల్లో, వానలు వెనకబట్టి బతుకమ్మ దగ్గరపడే రోజుల్లో, వరసగా ఒంటిగది కాపురాలుండే మా చాల్ వరండా నిండా ఆరని బట్టల వాసన, కిరోసిన్ స్టవ్‌ల వాసన, మా అవ్వ సద్దుల కోసం వేయించే నువ్వుల వాసన, ఫాక్‌లాండ్ రోడ్ మీంచి వచ్చే పావ్ వాసన కలిసి, ఏది ఎవరింటిదో తెలియకుండా ఉండేది. మా మాటలూ అంతే. వాక్యం తెలుగులో బయలుదేరి, మరాఠీలో మలుపు తిరిగి, హిందీలో దిగేది. ఏ మాట ఏ భాషదో పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. పిల్లలం మాత్రం ఒక సూత్రం కనిపెట్టాం: ఇంట్లో వాడే మాట తెలుగు, పెద్దలు బయట పనుల్లో వాడే మాట ఇంగ్లీషు.

ఈ సూత్రంతో నేను అయిదో తరగతి దాకా హాయిగా వచ్చాను. అప్పుడు మా తెలుగు బడికి కోస్తా వైపు నుంచి కొత్త టీచరు వచ్చింది. టీచర్ని మేం బాయి అనేవాళ్లం. ఇంగ్లీషు పాఠంలో ఏదో సైన్యం ముందుకు కదిలిందట. ఆ 'అడ్వాన్స్' అనే మాటను బోర్డు మీద రాసి, దానికి చాలా అర్థాలున్నాయని, ముందుగా ఇచ్చే డబ్బు కూడా అందులో ఒకటని చెప్పి, ఆ అర్థానికి పది సమానార్థక పదాలు తెచ్చిన వాళ్లకే ఎలిఫెంటా ద్వీపానికి విహారయాత్ర వెళ్లే లాంచీలో చోటని ప్రకటించింది. నేను అప్పటికి సముద్రాన్ని చౌపాటీ ఒడ్డు నుంచి మాత్రమే చూశాను. లాంచీ ఎక్కకపోతే బతుకు వృథా అని ఆ మధ్యాహ్నమే తీర్మానించుకున్నాను. పదేళ్ల వయసులో బతుకు వారానికి రెండుసార్లు వృథా అవుతుంది.

చాల్‌లో డిక్షనరీ లేదు. మనుషులున్నారు. లగోరీ ఆట సగంలో వదిలేసి నోటుబుక్కుతో గడప గడపా ఎక్కాను. గోడల పని నుంచి వచ్చి కాళ్ల సున్నం కడుక్కుంటున్న నాయన ఏమాత్రం ఆలోచించలేదు.

"బయానా రాస్కో బిడ్డా. పక్కా ఇంగ్లీషు. ప్యాంటు తొడిగిన కాంట్రాక్టరు గూడ గదే అంటడు."

పక్క గదిలో ఉండే టాక్సీ డ్రైవరు నర్సింలు కాక నవ్వాడు. "మీ నాయనది మేస్త్రీల ఇంగ్లీషే పిల్లా. పేష్గీ రాయి. అది సేట్లది."

ఎదురింటి మరాఠీ తాయి ఇసారు, ఉచల్, ఆగావు అని మూడు చెప్పి, చేతిలో బేసన్ లడ్డూ పెట్టింది. కింద పాన్ దుకాణంలో, గది అద్దెకిచ్చేటప్పుడు ముందే పుచ్చుకునే పగిడి దొరికింది. అవ్వ ఆకూవక్కా దవడకు సర్దుకుని, ఊళ్లో ఎడ్ల బేరం నాటి అచ్చారం, సంచకారం తీసి ఇచ్చింది. సంత బయటి విషయం కాబట్టి అవీ ఇంగ్లీషే. తొమ్మిదోది డిపాజిట్. గది డిపాజిట్ గురించి అవ్వ ఇంట్లో రోజూ సణిగేది కాబట్టి అది అచ్చ తెలుగు. అయినా సంఖ్య కోసం మనసు చంపుకుని చేర్చాను.

పదోది ఎంతకీ దొరకలేదు. నేను ఏడుపుకు సిద్ధమయ్యాను.

"ఏడుస్తవేందే, డబ్బా రాయి" అంది అవ్వ.

మా నల్లా దగ్గర నీళ్లు తెల్లవారుజామున వచ్చేవి. అందరూ సాయంత్రమే వరసలో తలో డబ్బా పెట్టి వెళ్లేవాళ్లు. అవ్వ నూనె డబ్బాకు అడుగు లేదు; నీళ్లు పట్టడానికి పనికిరాదు, చోటు పట్టడానికి దాన్ని మించింది లేదు. ఎంత గయ్యాళి అయినా దాన్ని జరిపేది కాదు.

"మనిషి రాకముందు మనిషి బదులు నిలబడేది గదే గదా? మరి అడ్వాన్స్ అంటె ఇంకేంది?"

రాసేశాను.

మర్నాడు బాయి నా జాబితా చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. "ఇందులో ఇంగ్లీషు పదం ఏదమ్మా?" అంది. ఒక్క డిపాజిట్ తప్ప అన్నీ అని ధీమాగా చెప్పాను. సున్నా వేసింది. లాంచీ జాబితాలో నా పేరు లేదు.

ఇంటికెళ్లి అన్నం మానేశాను. రెండు పూటలు మానేద్దామనుకున్నాను గానీ, ఉల్లిపాయ పచ్చడి చూసి ఒక పూటకే కుదించాను. అవ్వ మాత్రం మర్నాడు కొంగు దోపుకుని బడికి వచ్చింది.

"పది మాటలడిగినవ్ గదా బాయీ. తక్కువైనయా?"

"ఇంగ్లీషు పదాలు కావాలండీ, ఇంగ్లీషువి."

"ఏ బాసల గావాల్నో ముందుగాల చెప్పినవా?"

బాయి నిజాయితీపరురాలు. "చెప్పలేదు" అంది.

"పోనియ్. గీ పదిట్ల నీకెన్నొచ్చు?"

బాయి కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. "నాలుగు."

"నాలుగొస్తె నిన్నెక్కించుకుంటున్నరు. పదొచ్చిన పోరిని ఒడ్డుమీద నిలవెడ్తరా?"

తరగతి గొల్లుమంది. అందరికంటే ఎక్కువగా నవ్వింది బాయే. నవ్వుతూనే నా పేరు జాబితా చివర రాసి, మిగిలిన ఆరు మాటలకూ అర్థం చెప్పించుకున్నాక గానీ అవ్వను కదలనివ్వలేదు.

లాంచీ ఎక్కాను. గేట్‌వే నుంచి ద్వీపం దాకా వాంతులు చేసుకున్నాను. సముద్రం గురించి నాకు అంతకు మించి ఏమీ గుర్తులేదు.

ఆ చాల్ ఇప్పుడు లేదు. నల్లాలు ఇళ్లలోకి వచ్చేశాయి. నర్సింలు కాక మనవలు మరాఠీలోనే కలలు కంటారు. సంచకారమన్న మాట అవ్వతోనే వెళ్లిపోయింది. మొన్న మా అబ్బాయికి బడిలో ఇలాగే ఒక మాటకు సమానార్థకాలు రాసుకురమ్మన్నారు. సోఫా మీంచి లేవకుండా, ఫోన్లో చూసి, అర నిమిషంలో పదిహేను రాసుకున్నాడు. అన్నీ ఇంగ్లీషే, అన్నీ సరైనవే, లడ్డూ మాత్రం ఒక్కటీ రాలేదు. నాకు కాస్త ఉక్రోషం వచ్చి, ఎదురింట్లో ఉండేవాళ్ల పేరేమిటో చెప్పమన్నాను. వాడికి తెలియలేదు.

నాకూ తెలియదు.