రాయి తగిలిన గుంత

నా ఒక్కడి సంతకంతో నడిచిన మొదటి పని దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళది. అంతకుముందు గుంటూరులో ఒక పెద్ద ఇంజినీరుగారి దగ్గర ఉండేవాణ్ణి. అక్కడ నేను గీస్తే ఇంకొకరు లెక్క సరిచూసేవారు, చివర్లో ఆయన కళ్ళజోడు సర్దుకుని సంతకం పెట్టేవారు. తప్పు దొరికితే తిట్లు కూడా అందరం పంచుకునేవాళ్ళం. నలుగురితో పాటు నారాయణా అన్నట్టు హాయిగా సాగిపోయింది. ఎనభైల్లో పల్నాట్లో ఎక్కడ చూసినా ఫ్యాక్టరీల గొట్టాలు లేస్తుంటే నాకూ రెక్కలొచ్చాయి. ఉద్యోగం మానేసి, నరసరావుపేటలో మా ఇంటి గోడకు నా పేరుతో ఒక రేకు బోర్డు తగిలించాను.

పని ఏమిటంటే, ఫ్యాక్టరీ కార్మికుల కోసం ఒక కాలనీ. ఇళ్ళు, మురుగు కాలవలు, రోడ్లు, వాటి మధ్యలో నాలుగు కాళ్ళ మీద ఎత్తుగా ఒక నీళ్ళ ట్యాంకు. వీటన్నిటికీ డిజైను మొత్తం నేనివ్వాలి. అగ్రిమెంటులో ఒక పేరా నాకిప్పటికీ నోటికి వచ్చు. తెలుగులో చెప్పాలంటే దాని సారం ఇది: కాగితంలో రాసినవాటికీ, రాయడం మరిచిపోయినవాటికీ కూడా పూచీ నాదే. కంపెనీ వాళ్ళు చూసి సరేనన్నా ఆ పూచీ రవ్వంత కూడా తగ్గదు. పెళ్ళి ప్రమాణాల్లో కూడా ఇంత గట్టి మాట ఉండదు అనుకుని, నవ్వుకుంటూనే సంతకం పెట్టాను. అప్పటికి నాకు పెళ్ళీ కాలేదు, ఇలాంటి అగ్రిమెంటూ తెలియదు.

కంపెనీ తరఫున ఈ పని చూసే ఇంజినీరుది కృష్ణా నది అవతల మిర్యాలగూడ. నాకంటే కాస్త చిన్నవాడు. ఇద్దరం ఫ్యాక్టరీ రోడ్డులో ఒకే మెస్సులో తినేవాళ్ళం. మెస్సు నడిపే ఆవిణ్ణి లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి ఆఫీసర్ల దాకా అందరం పిన్నీ అనే పిలిచేవాళ్ళం. సంతకాల ముందు రోజు దాకా అతను నా ఎదురుగా కూర్చుని అన్నా అన్నా అంటూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పేవాడు. సంతకాలయిన మర్నాటి నుంచి నేను సార్ అయిపోయాను. ఎండ గురించి తప్ప ఇంకో మాట లేదు.

"ఏంది నాయనా, ఇద్దరూ మూగనోము పట్టారా?" అంది పిన్ని ఒకరోజు, చారు పోస్తూ.

అతను నవ్వి చారు కలుపుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నేను చేసిన తప్పేమిటో చెప్పి మాట్లాడటం మానేస్తే అదో పద్ధతి.

రోడ్డు పక్కన ఒక మేడ మీద గది తీసుకున్నాను. లారీలు పోయినప్పుడల్లా తెల్లటి దుమ్ము లేచి కిటికీలోంచి డ్రాయింగు బల్ల మీదకు వచ్చేది. పొద్దున్నే గుడ్డతో బల్ల తుడవడం, గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. లెక్క తేలితే "తేలిందిరా" అని పైకే అనేవాణ్ణి. వినేవాడెవడూ లేడు. గుంటూరులో నా లెక్కల్లో తప్పులు పట్టి నన్ను ఏడిపించిన మనిషి కూడా ఒక్కసారి ఈ గదిలోకి వచ్చి "ఇదేం లెక్కయ్యా" అని కసిరితే బాగుండుననిపించేది. ఒంటరితనం అంటే పలకరించేవాళ్ళు లేకపోవడం అనుకునేవాణ్ణి. తప్పు పట్టేవాళ్ళు కూడా లేకపోవడమని అక్కడే తెలుసుకున్నాను.

నీళ్ళు లేనిదే ఇళ్ళ పని సాగదు కాబట్టి ట్యాంకు కాళ్ళకు గుంతలు ముందే తవ్వించారు. మా పల్నాట్లో ఒక అలవాటుంది. పునాది తవ్వుతుంటే గునపం ఖంగుమని మోగిందా, ఇక ఆ పని అయిపోయినట్టే. తవ్వేవాళ్ళు పైకొచ్చి చెమట తుడుచుకుంటారు. మేస్త్రి ఆ రాయికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాడు. తలా ఒక బెల్లం ముక్క. రాయి తగిలాక ఇంకా కిందికి తవ్వేవాణ్ణి పిచ్చివాడంటారు. నేనూ ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణే. నాలుగు గుంతల్లోనూ రాయి తగిలింది. బెల్లం తిని గదికొచ్చి, గట్టి రాయి అని రాసుకుని ట్యాంకు డిజైను పూర్తి చేశాను. ఆ వారంలో అప్పగించాలి. ఆలస్యమైతే పని నా చేతిలోంచి తీసేసుకోవచ్చని కూడా అగ్రిమెంటులో ఉంది.

ఆ ఆదివారం ఊసుపోక గురజాల రోడ్డు వెంట నడుస్తూ పోయాను. ఒక చేలో రైతు బావి తవ్విస్తున్నాడు. తొంగి చూశాను. పైన నల్లరేగడి, దాని కింద నాపరాయి పలక, దాని కింద చెమ్మగా, మెత్తగా పచ్చటి బంకమట్టి. ఆ మట్టి కింద మళ్ళీ రాయి. ఆ మట్టిపొరను చూస్తుంటే నా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. నా గుంతల్లో రాయి ఉన్న మాట నిజమే. రాయి కింద ఏముందో ఎవడు చూశాడు? ట్యాంకు నిండాక ఒక్క కాలు దిగబడితే చాలు, అంత నీళ్ళ బరువూ ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ పక్కనే ఇళ్ళు. ఆ ఇళ్ళు అక్కడ గీసిందీ నేనే.

మర్నాడు మెస్సులో ఉండబట్టలేక కంపెనీ ఇంజినీరును కదిపాను. "అన్నం కాడ పని ముచ్చట వద్దు సార్" అన్నాడతను. సరే, పద్ధతిగా అడుగుదామని డ్రాయింగులు చుట్టుకుని ఆఫీసుకు పోయాను. నేను చుట్ట విప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"విప్పకున్రి సార్. నేను చూసి తలకాయ ఊపిననుకో, రేపు ఏమన్నయితే కంపెనీ ఇంజినీరు ఒప్పుకున్నడంటరు. చూడొద్దని నాకు పైనుంచి ఆర్డరు."

"చూడొద్దు, వింటే చాలు. రాయి పగలగొట్టించి చూడనా, వద్దా?"

"కొట్టమని అనను, వద్దని అనను."

ఎవరికి వారే యమునా తీరే అంటే ఇదే. చుట్ట చంకన పెట్టుకుని బయటికొచ్చాను. కోపం, భయం, వాటికి మించి ఏడుపు. మనిషి ఎదురుగానే ఉన్నాడు, చదువున్నవాడు, మంచివాడు. ఒక్క మాట సాయం చెయ్యడానికి లేదు.

గుంతల దగ్గరికి పోయి మేస్త్రికి సంగతి చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది సారూ, కొండను తవ్వి ఎలకను పడతారా? పూజ చేసిన రాయి అది. పగలగొడితే అరిష్టం. ఆ పాపం ఎవరు మోస్తారు?"

"ఇక్కడ అన్నీ నా మీదే ఉన్నాయి మేస్త్రీ. అది కూడా నా మీదే వెయ్యి."

మేస్త్రి నవ్వలేదు. సమ్మెట అందుకుని, రాతికి దణ్ణం పెట్టి దిగాడు. మూడు గుంతల్లో పలక పగిలాక కింద కూడా రాయే. ఎంత కొట్టించినా రాయే. చుట్టూ చేరినవాళ్ళు ముసిముసిగా నవ్వుకోవడం మొదలుపెట్టారు. నాలుగో గుంతలో పలక పగిలింది, గునపం దించితే మేస్త్రి చేతిలోంచి జారినట్టు లోపలికి పోయింది. బయటికి లాగితే దాని మొనకు పచ్చటి మట్టి. నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రి ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూసి నా చేతిలో పెట్టాడు.

బతికిపోయాననిపించింది. ఒళ్ళంతా తేలికయింది. ఆ సంతోషం ఎవరితోనన్నా చెప్పుకోవాలని గబగబా రోడ్డు దాకా వచ్చి ఆగిపోయాను. ఎవరితో చెప్పాలి? గదికి పోయి, చెయ్యి కడుక్కుని, పాత డ్రాయింగు తీసేసి కొత్త షీటు పరిచాను. ఆ బంకమట్టంతా తీయించి, కిందనున్న గట్టి రాతి మీద నాలుగు కాళ్ళకూ కలిపి ఒకే వెడల్పాటి కాంక్రీటు పీట గీశాను. ఆలస్యమైంది. ఎందుకైందో రాసిచ్చాను. కారణం మీద ఒక్క వ్యాఖ్యా లేకుండా, అందినట్టు మాత్రం ముద్ర వేసి ఇచ్చారు. పని నా చేతిలోంచి తీసేసుకోలేదు, అదే పదివేలు.

ట్యాంకు కట్టారు. నీళ్ళు నింపారు. కింద నిలబడి ఒక్కో కాలినీ చూస్తూ ఆ పగలంతా గడిపాను. ఏ కాలూ చెక్కు చెదరలేదు. ఇళ్ళు కూడా పూర్తయ్యాక, డిజైను బాధ్యత తీరిందని కంపెనీ వాళ్ళు రాసిచ్చారు.

ఆ కాగితం అందిన మధ్యాహ్నం మెస్సులో కంపెనీ ఇంజినీరు నవ్వుతూ వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"ఇగ మాట్లాడుకోవచ్చు. నాలుగో గుంత కొట్టిచ్చి మంచి పని చేసినవన్నా. ఆ జాగల బోరు ఏసిననాడే నేను చూసిన. రాయి తెగినంక మెత్తగ దిగిపోయింది."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. "అయితే నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"నేను కొట్టించకపోతే చెప్పేవాడివా?"

అబద్ధం ఆడతాడనుకున్నాను. ఆడితే నమ్మడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. అతను విస్తరిలో మెతుకులు ఒక పక్కకు చేర్చాడు.

"చెప్పకపోతుంటి. చెప్తే నా నౌకరి పోతది. కని ఆ దినాలల్ల నాకు ఒక్క ముద్ద దిగలేదన్నా. నువ్వు కొట్టిస్తవా, కొట్టియ్యవా అని రోజూ నీ మొఖమే చూస్తుంటి."

లేచిపోవాలో, అతని భుజం మీద చెయ్యి వెయ్యాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. మజ్జిగ పోయించుకుని అన్నం పూర్తి చేశాను. ఒకే బల్ల దగ్గర, ఒకే గుంతను తలుచుకుని భయపడుతూ, ఇన్నాళ్ళూ ఇద్దరం విడివిడిగా తిన్నాం.